మబ్బేసింది, పెట్టేస్తున్నాను

మొన్న మధ్యాహ్నం పూణేలో ఉద్యోగం చేసుకుంటున్న మా మనవరాలు ఫోను చేసి మాట్లాడుతుండగా అటు వాన మొదలైంది కాబోలు, తెరమీద దాని మొహం నోరు సగం తెరిచినట్టే బొమ్మలా నిలిచిపోయింది, మాట మాత్రం ఆగకుండా చక్కగా వినబడుతూనే ఉంది. ఇదేం వింతే అని అడిగితే, లైను బలహీనపడినప్పుడు బొమ్మను వదిలేసి మాటను కాపాడేలా దీన్ని తయారు చేశారమ్మమ్మా, రెండూ పట్టనప్పుడు ఏది ముఖ్యమో ముందే రాసిపెట్టి ఉంటారు అని తేలిగ్గా చెప్పేసి తన కబుర్లలో తను పడిపోయింది. నా చేతిలోని చిక్కుడుకాయ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. ఏది ముఖ్యమో ముందే రాసిపెట్టడమన్న మాట నేను తొంభైల్లో, ఈ భిలాయిలో, ఈ క్వార్టర్లో, ఈ వంటింటి గుమ్మం దగ్గరే మా మరిది నోట మొదటిసారి విన్నాను. అలా రాసిపెట్టిన వరస వల్లే ఈ పిల్ల పుట్టుక గండంలో పడింది, ఆ వరసను పక్కకు జరిపి చేయి అడ్డం పెట్టిన మనుషుల వల్ల గట్టెక్కింది. దానికి ఆ సంగతి సగమే తెలుసు. మిగతా సగం మీతో చెప్పుకుంటాను, నా ఈడువాళ్లు మీరైతే విసుక్కోకుండా వింటారు.

నాది మూడో తరగతితో ఆగిన చదువు. మావారు బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి ఇక్కడి స్టీలు ప్లాంటులో, బొగ్గును కాల్చి కోకు చేసే కొలుముల దగ్గర పనికి కుదిరాక నేనూ వెనకాలే వచ్చాను, నా వెనకాల నిక్కరు వేసుకున్న మరిది వచ్చాడు. వాడిని నేనే పెంచాను, నేనే తిట్టాను, నేనే చదివించాను అనుకోండి. వాడు బుద్ధిగా చదువుకుని ప్లాంటు టెలిఫోన్ల విభాగంలోనే ఇంజినీరయ్యాడు. డ్యూటీకి ఏ వేళలోనైనా పిలవాలి కనక మా క్వార్టర్లో ఒక ఫోను పెట్టారు. మా వరసలోని ఇళ్లన్నిటికీ అదే ఫోను. వచ్చినవాళ్లను నేనెప్పుడూ కాదనలేదు గానీ, ఫోను దగ్గర కుర్చీ మాత్రం వేయనిచ్చేదాన్ని కాదు. నిలబడి మాట్లాడితే మాటను కాళ్లే కుదిస్తాయి. మా ఇంట్లో కాచిన టీపొడి ఎండి మళ్లీ మొక్కల మొదట్లోకి వెళ్లేది, క్యాలెండరులో నెల తిరిగితే ఆ కాగితం వెనకవైపు మరిది లెక్కలకి పనికొచ్చేది. పిసినారి అన్నవాళ్లున్నారు. అననీ.

ఆ లెక్కల సంగతి చెప్పాలి. ప్లాంటుకి కావలసిన ఇనుపరాయి దూరాన కొండల్లో ఉన్న గనుల నుంచి రైళ్లలో వచ్చేది. ఆ గనుల ఊరికీ మనకీ మధ్య మాటలు తీగ మీద కాకుండా గాలిలోంచి నడిచేవి. ఇక్కడొక ఇనుప టవరు, అక్కడొక టవరు, మధ్య కొండ మీద మరొకటి, వాటికి పెద్ద డప్పుల్లాంటి గిన్నెలు. ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఆ దారిన ఎంతోమంది ఒకేసారి మాట్లాడుకోవచ్చు. జడివాన పట్టిందంటే దారి సన్నబడిపోతుంది. తీగ తెగితే తెగిందని తెలుస్తుంది ఒదినా, ఇది తెగదు, సన్నబడుతుంది, ఎంత సన్నబడుతుందో ఏ వానకా వాన చెప్పాలి, అదే చిక్కు అనేవాడు, నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే గుమ్మానికి ఆనుకుని కూర్చుని. అప్పటికి ఉన్న ఏర్పాటు ఏమిటంటే, ముఖ్యమైన ప్రతి లైనుకీ జతగా ఇంకొక లైను ఖాళీగా పడి ఉండేది, మొదటిది పోతే రెండోది అందుకోవాలని. దానివల్ల మంచిరోజుల్లో సగం దారి ఊరికే ఉండేది, గనుల ఊళ్లో కూతుళ్లను ఇచ్చుకున్న మాబోటి వాళ్లకి మాత్రం లైను దొరికేది కాదు.

నాకు తెలిసిన భాషలో నేను అర్థం చేసుకోబోయాను. ఎండాకాలం కుళాయి సన్నగా వస్తుంది కాబట్టి డ్రమ్ములో నీళ్లు పట్టి ఉంచుకుంటాం, అలాగేనా అన్నాను. వాడు పడి పడి నవ్వాడు. నీళ్లైతే డ్రమ్ములో ఉంటాయి, మాటను ఏ డ్రమ్ములో పోస్తావు ఒదినా, ఇవాళ్టి ఖాళీ ఇవాళే, రేపటి వానకి పనికిరాదు అన్నాడు. ఆ మాట నా మనసుకి పట్టింది. దాచుకోవడానికి వీల్లేని వస్తువు కూడా ఒకటుందని నాలాంటిదానికి అప్పుడే తెలిసింది.

చివరికి వాడు వేసిన పద్ధతి ఇదీ. జతగా ఉంచిన లైన్లను మంచిరోజుల్లో ఇళ్లవాళ్లకి ఇచ్చేయాలి. వాన వచ్చి దారి సన్నబడితే, ఏది ముఖ్యమో ముందే రాసిపెట్టిన వరసలో వెనక్కి తీసుకోవాలి. ముందు ఇళ్ల ఫోన్లు దిగిపోతాయి, తర్వాత ఆఫీసులవి, తర్వాత స్టోర్లవి, ఆ తర్వాత ఆసుపత్రిది. ఇంకా సన్నబడినా చిట్టచివరి దాకా నిలవాల్సినవి గనిలో మందుగుండు పేల్చే ముందు హెచ్చరించే లైనూ, రాయి రైళ్లవీ. ఎన్ని లైన్లు నిలబెట్టగలమో మామూలు రోజును చూసి కాదు, అంతకుముందు వానాకాలాల్లో అతి గడ్డురోజును చూసి లెక్క కట్టాడు. పైవాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఏడు ఎండాకాలమంతా మా వరసలో ఆడవాళ్లు కూతుళ్లతో, అక్కలతో తీరిగ్గా మాట్లాడుకుని మరిదిని నోరారా దీవించారు. ఆ లైన్లు తమవి కావనీ, వానలు వచ్చేదాకా అరువనీ ఎవరికీ గుర్తులేదు.

గనుల ఊళ్లో మా పెద్దమ్మాయి ఉండేది. అల్లుడు అక్కడ ఎలక్ట్రీషియను. పిల్లకి తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకోవలసింది, అల్లుడికి సెలవు దొరక్క, ఇంతలో వానలు పట్టి దారి పాడై, ఈ వారం పై వారం అంటూ జరిగిపోయింది. దానికి అత్తగారు, అంటే మా వియ్యపురాలు, తోడుండేది. ఆవిడది పార్వతీపురం వైపు. ఎంత మర్యాదస్తురాలంటే మాట్లాడే ముందు నవ్వేది, నవ్వాక మాట్లాడేది. మా వైపు పద్ధతి మీకు తెలిసిందే, ఎంత అవసరమున్నా ముందు ఇంటిల్లిపాదినీ పేరు పేరునా కుశలం అడిగి, జవాబు విని, ఆ పైన గానీ వచ్చిన పని బయటపెట్టకూడదు. కీడు కబురైతే మరీను. గుమ్మంలోంచే కీడు అరవడం బుద్ధి తక్కువ పని అని మా అత్తగారు నాకు నేర్పింది, వాళ్ల అత్తగారు ఆవిడకి నేర్పింది.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. పూజ ముగించి నేను ప్రసాదం ఇళ్లకు పంచి వచ్చేసరికి కొలుముల పొగ ఏదో, మబ్బేదో తెలియకుండా ఆకాశం నల్లబడిపోయింది. ఫోను మోగింది.

“ఒదినగారూ, నేనమ్మా. బాగున్నారా? అన్నయ్యగారి దగ్గు ఎలాగుంది?”

తగ్గిందమ్మా, మీ మోకాలెలాగుంది అన్నాను.

“ఏదో అలాగే ఉన్నాది. తమ్ముడుగారికి సంబంధం ఏదేనా కుదిరిందేటి?”

చూస్తున్నాం అన్నాను. వేసవిలో వచ్చినప్పుడు ఆవిడ తన పెరట్లోంచి ఒక కరివేపాకు పిలకను తడిగుడ్డలో చుట్టి నాకు తెచ్చి ఇచ్చింది. దాని సంగతి కూడా అడిగింది.

“ఇంతకీ నేనిచ్చిన కరివేపాకు వేరు పట్టిందేటి?”

పట్టింది అనబోతుంటే టిక్కుమని చప్పుడై ఫోను మూగబోయింది. రిసీవరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఏదో తేడా ఉందనిపించింది. కాస్సేపటికి గానీ అదేమిటో తోచలేదు. ఆవిడ ఆవేళ నవ్వలేదు.

ఊళ్లో ఫోన్లు తీగల మీద నడిచేవి కనక వాటికి వానతో పేచీ లేదు. వెంటనే ఎక్స్ఛేంజిలో ఉన్న మరిదికి చేశాను. వాడు మెల్లగా చెప్పాడు, “వాన గట్టిగా ఉన్నాది ఒదినా, గనుల లైన్లు పీలైపోయేయి. ఇళ్ల ఫోన్లన్నీ దిగిపోయేయి. తగ్గేక కలుపుతాను.”

“పిల్ల నెలలు నిండి ఉన్నాదిరా. ఒక్కమాట కలపరా.”

“మనింటికని ఒకటి వదిలితే, ఎవరింటికని కాదనాలి ఒదినా? ఇప్పుడు ఆసుపత్రి లైనే ఊగుతున్నాది.”

ఫోను పెట్టేశాను. ఆ క్రమశిక్షణ నేను పెట్టిందే, ఇప్పుడు నా మీదికి వచ్చిందని ఎలా కాదంటాను? దేవుడి ముందు పీట వేసుకుని కూర్చున్నాను గానీ చదివిన స్తోత్రమే చదువుతున్నానని కూడా తెలియలేదు.

అటువైపు ఏం జరిగిందో తర్వాత వియ్యపురాలే చెప్పింది. పిల్లకి మాయ అడ్డంపడి పొద్దుటినుంచి రక్తం పోతూంది. అక్కడిది చిన్నాసుపత్రి. ఆపరేషను చెయ్యాలి, భిలాయి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, దాని రక్తం గ్రూపు అరుదుగా దొరికేది, ఆ గ్రూపువాళ్లను వెళ్లేసరికి సిద్ధంగా ఉంచండి అన్నాడు డాక్టరు. ఆ గ్రూపు మా ఇంట్లో మావారికే. అల్లుడు పిల్లను అంబులెన్సులో ఎక్కించుకుని బయల్దేరాడు, ఈవిడ తడిచీరతో టెలిఫోన్ గదికి పరుగెత్తింది. ఇంత కబురును కడుపులో పెట్టుకుని, కన్నతల్లి గుండె ఆగిపోతుందేమోనని, నన్ను మెల్లగా సిద్ధం చేద్దామని కుశలాలతో మొదలుపెట్టింది. అసలు మాట గొంతుదాకా వచ్చేసరికి లైను పోయింది.

గదిలో కూర్చుని లైన్లు కలిపేది ఛత్తీస్‌గఢీ ఆవిడ, అందరూ దీదీ అనేవారు. మా వియ్యపురాలు కుప్పకూలి ఏడవడం చూసి “రోనా బాద్‌మే, మాతాజీ. బాత్ క్యా హై, సీధా బోలో” అన్నదట. ఏడుపు తర్వాత, సంగతేమిటో సూటిగా చెప్పు అని. ఈవిడ తన జన్మలో మొదటిసారి కుశలం అడగకుండా సంగతి చెప్పింది. ఆసుపత్రి లైను కూడా అప్పటికి పోయింది, గని హెచ్చరిక లైనునూ, రాయి రైళ్ల లైనునూ ముట్టుకోవడానికి లేదు. అప్పుడు దీదీ టవరును వదిలేసి, రాయి నింపే సైడింగులో ఉన్న స్టేషను మాస్టరుకి ఊళ్లో ఫోను చేసింది. రైలువాళ్లకి పట్టాల పక్కనే స్తంభాల మీద వాళ్ల తీగ వాళ్లకుంది. దానికి గాలంటే భయం గానీ వానంటే భయం లేదు. ఆయన భిలాయి పక్కనే బండ్లు ఆగే చరోదా యార్డుకి చెప్పాడు. యార్డులో ఉన్నవాడెవడో మహానుభావుడు, తన బండ్ల గోల తనకుండగా, మా ప్లాంటు ఎక్స్ఛేంజికి లోకల్ ఫోను చేసి చెప్పాడు. కోకు ఓవెన్ల ఫలానా ఆయన కూతురు గనుల నుంచి వస్తోంది, రక్తం కావాలి, తండ్రిని ఆసుపత్రికి పంపండి. అంతే. ఆ ఫోనెత్తింది మా మరిదే.

నాకు మళ్లీ ఫోను మోగింది.

“ఒదినా, నువ్వేటీ అడక్కు, విను,” అని మొత్తం చెప్పాడు. “అన్నయ్యను ఓవెన్ల దగ్గర్నుంచి అట్నుంచి అటే పంపించేసేను. నువ్వు చీర మార్చుకోడానికి కూడా ఆగకు. వచ్చీ.”

పెద్దాసుపత్రి గుమ్మంలో మావారు బొగ్గుమసి మొహంతో నిలబడి ఉన్నారు. నర్సు చేయి కడిగించి, సూది గుచ్చే చోటు మాత్రమే తెల్లగా చేసి పడుకోబెట్టింది. దీపాల వేళకి అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు మీద మా పిల్ల మొహం సున్నంలా పాలిపోయి ఉంది. నన్ను చూసి, “అమ్మా, అత్తయ్య ఫోను చేసిందా?” అనడిగింది. చేసిందమ్మా అన్నాను. నాన్న రక్తం నీకంటే ముందే సిద్ధంగా ఉన్నాది అన్నాను. అది కళ్లు మూసుకుంది. తలుపు మూశారు. ఆ తలుపు తెరుచుకునేదాకా నేనేం చేశానో నాకే తెలియదు. తెరిచాక, అప్పుడే పుట్టిన మనవరాలి ఏడుపు వినిపించాక, డాక్టరమ్మ ఒకే మాట అంది. రక్తం కోసం వెతుక్కోవలసి వస్తే తల్లిని దక్కించుకునేవాళ్లం కాదమ్మా అని.

మరిది ఆసుపత్రికి వచ్చాడు గానీ లోపలికి రాలేదు, వరండాలో స్తంభం దగ్గరే నిలబడిపోయాడు. నేను వెళ్తే తల ఎత్తలేదు. “నా చేత్తో నేను రాసిన వరసే, ఒదినా, అమ్మాయి అత్తగారి లైను దింపింది” అన్నాడు. నేను వాడికి ఓదార్పులు చెప్పే మనిషిని కాను. లోపలికి పోయి పిల్లను చూసుకుని రా, నీ లెక్క తప్పయితే రేపు సరిచేసుకో అన్నాను. వాడు నిజంగానే సరిచేసుకున్నాడు.

ఇళ్ల ఫోన్లను వరసలో పైకి ఎక్కించలేదు. గనిలో మనుషులున్నంత కాలం అవి కిందే ఉండాలన్నాడు, అది నిజమే. కానీ అంతకుముందు లెక్కలో లైన్లే ఉన్నాయి, లైను మీద ఏం మాట్లాడుతున్నారో లేదు. ఆ తర్వాత దింపే ముందు టిక్ టిక్‌మని ఒక చప్పుడు వినిపించేలా చేశాడు, ఆ చప్పుడు మధ్యలో ఒక్క వాక్యం చెప్పుకోవడానికి వ్యవధి ఉండేది. ఎంత గడ్డు వానలోనూ ఎవరి పేరా రాయని లైనొకటి ఖాళీగా ఉంచి, దాన్ని ఎవరికివ్వాలో ఆపరేటరు దీదీ విచక్షణకే వదిలేయించాడు. ఇక రైలువాళ్లతో ఒప్పందం కుదిర్చాడు. వానకి మన టవరు నీరసిస్తే వాళ్ల తీగ మన ముఖ్యమైన మాట మోయాలి, గాలికి వాళ్ల తీగ తెగితే మన టవరు వాళ్ల మాట మోయాలి. ఎవరికి వారు జత ఉంచుకోవడం కంటే ఒకరికొకరు జతగా ఉండటమే చవక కూడా ఒదినా అన్నాడు. చవక అన్నాడు కదా, నాకు వెంటనే అర్థమైంది. చరోదా యార్డులో ఆ ఫోనెత్తిన ఆయన ఎవరో కనుక్కుని, మావారు నువ్వుండలు పట్టుకుని వెళ్తే, ఆయనకి ఆ రోజు సంగతే గుర్తులేదట. “అచ్ఛా, బచ్చీ ఠీక్ హై?” అని, పిల్ల బాగుందా అని మాత్రం అడిగి, ఉండలు గదిలో అందరికీ పంచేశాడట. చేసిన ఉపకారం మరిచిపోయిన వాళ్లకి ఎలా తీర్చుకుంటారు? తలుచుకోవడమే.

మా ఆడవాళ్ల పద్ధతీ మారింది. చెప్పినవాళ్లెవరూ లేరు, అదే మారింది. మా వరసలో ఎవరు ఫోనెత్తినా ముందు సంగతి, తర్వాత కుశలం. సంగతేమీ లేకపోతే ఆ మాటే ముందు చెప్పాలి, అవతలివాళ్ల గుండె కుదుటపడాలి కనక. ఏం కాలేదు, ఊరికే చేశాను అని. టిక్ టిక్ వినబడక ముందే, కొలుముల పైన మబ్బు కనబడగానే, “మబ్బేసింది, పెట్టేస్తున్నాను” అని పెట్టేసేవాళ్లం. ఎంత ముచ్చటలో ఉన్నా, ఎవరూ నొచ్చుకునేవారు కాదు. మనం వదిలిన దారిలో ఇంకెవరి ప్రాణమో నడుస్తుందేమో అన్న ఎరుక అందరికీ ఉండేది. మా వియ్యపురాలు కూడా నేర్చుకుంది, కానీ సంగతి చెప్పేశాక వడ్డీతో సహా కుశలాలన్నీ అడిగేది. అన్నీ అయ్యాక నవ్వి, “ఇంతకీ నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు ఒదినగారూ” అనేది. వచ్చి చూసుకోండి, నేను చెప్పను అనేదాన్ని. అది మా ఇద్దరి ఆట. ఏళ్ల తరబడి ఆడుకున్నాం. ఆవిడ వచ్చి చూసింది కూడా, ఆ కరివేపాకు చెట్టు కింద కూర్చుని ఆకు దూసింది కూడా, అయినా ఫోనెత్తితే అడగడం మానలేదు.

మావారు రిటైరయ్యాక ఈ క్వార్టరునే లీజుకి తీసుకున్నాం. మరిది ఊళ్లోనే ఉంటాడు, సాయంత్రం కాఫీకి వస్తాడు. మాటలు కాపాడిన మనిషికి ఇప్పుడు చెవులు సరిగా వినబడవు, నేను ముందు సంగతి గట్టిగా చెప్తాను, మిగతాది వాడే ఊహించుకుంటాడు. టవరు ఇంకా నిలబడే ఉంది, గిన్నెల్లో పావురాలు గూళ్లు పెట్టాయి. మాటలిప్పుడు భూమిలో పూడ్చిన గాజు తీగల్లో నడుస్తాయట, వానకీ గాలికీ వెరవవట. మంచిదే. ఏ తల్లికీ రిసీవరు పట్టుకుని అలా నిలబడే గతి పట్టకూడదు.

మనవరాలు రోజూ చేస్తుంది. ఎత్తగానే “అమ్మమ్మా, ఏం కాలేదు, ఊరికే చేశాను” అంటుంది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది, ఎందుకంటారో దానికి తెలియదు, అడగలేదు. సంగతి ముందు చెప్పడం దాకా అందరూ నేర్చుకున్నారు గానీ, ఆ తర్వాత వచ్చే కుశలాలను ఎక్కడో వదిలేశారు. దారి ఇంత వెడల్పయ్యాక తాతగారి దగ్గు దగ్గర్నుంచి పెరట్లో మొక్కదాకా పేరు పేరునా అడిగేందుకు అడ్డేమీ లేదు, అడిగే మనిషే లేదు. మా వియ్యపురాలు వెళ్లిపోయి కొన్నేళ్లయింది.

మొన్న మనవరాలు బొమ్మ లేకుండానే మాట్లాడి పెట్టేశాక ఇక్కడా వాన పట్టింది. పులుసులోకి ఆకు కోసుకుందామని పెరట్లోకి వెళ్లాను. మా వరసలో అన్ని ఇళ్లకూ సరిపోయేంత చెట్టయింది అది, దాని పిలకలు చరోదా దాకా వెళ్లాయి. రెమ్మ విరుస్తూ, తడుస్తూ, ఇన్నేళ్లూ ఆటకి దాచుకున్న జవాబు పైకే చెప్పేశాను. పట్టింది ఒదినగారూ, బాగా పట్టింది.